హనన్యా రెండేళ్ళన్నాడు, యిర్మీయా పొలం కొన్నాడు

2025 జూన్ 13న ఇశ్రాయేలు ఇరాన్ మీద దాడికి దిగింది. ఆ సాయంత్రానికల్లా మా సంఘం వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. యెహెజ్కేలు 38వ అధ్యాయం, ఐదో వచనం, "పారసీకదేశం" అన్న మాట చుట్టూ ఎర్ర గీత, కింద "గోగు మాగోగు యుద్ధం మొదలైంది, సిద్ధపడండి" అని, అంటే అంత్యదినాల్లో ఇశ్రాయేలు మీదికి వస్తుందని ఆ అధ్యాయంలో ఉన్న యుద్ధం. పైన బాంబు పేలుతున్న ఫోటో. 2023 అక్టోబరులో కూడా ఇదే ఫోటో వచ్చింది. అప్పుడు దాని కింద వేసిన వచనం వేరు.

ఆ తర్వాత బుధవారం మా ఇంట్లో ఆడవాళ్ళ బైబిల్ స్టడీ అయ్యాక ఒక చెల్లి నా వెనకే వంటింట్లోకి వచ్చింది. వాళ్ళాయన కోయంబేడు మార్కెట్టు నుంచి కూరగాయల బండి తోలతాడు. గ్లాసులు కడిగి బోర్లిస్తూ మెల్లగా అంది: "అక్కా, ఈ నెల చీటీ పాడేసి ఆ డబ్బు కానుకగా ఇచ్చేద్దామనుకుంటున్నా. అయ్యగారు చెప్పారు కదా, ఎత్తబడే సంఘానికి పాసుబుక్కులెందుకని." ఆ చీటీ ఎందుకు కడుతోందో నాకు తెలుసు. పెద్దపిల్లని నర్సింగులో చేర్పించాలని. పిల్లకి మార్కులొచ్చాయి, ఫీజు ఒక్కటే కొదవ. అయ్యగారంటే మా పాస్టరుగారు కాదు. వేసవి కన్వెన్షన్‌కి ఊరి నుంచి పిలిపించిన బోధకుడు. మూడు రాత్రులూ స్టేజీ మీద పెద్ద ఫ్లెక్సీ కట్టి, కర్రతో చూపిస్తూ చెప్పాడు: ఇది సంఘకాలం, ఇక్కడ ఎత్తబడుట, అంటే ప్రభువు విశ్వాసుల్ని పైకి తీసుకుపోవడం, ఇక్కడ ఏడేండ్ల మహాశ్రమలు, ఇక్కడ క్రీస్తు విరోధి, ఇక్కడ వెయ్యేండ్ల పాలన. ఇశ్రాయేలు దేశం ఏర్పడిన 1948 దగ్గర ఒక అంజూరపు చెట్టు బొమ్మ. చివరి రాత్రి కానుక పెట్టె తిప్పారు.

నాకు ప్రభువు రాకడ మీద నమ్మకం లేక ఇది రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ "ఆయన వచ్చువరకు" అన్న మాట మనసారా అంటాను. యూదులకి దేవుడిచ్చిన మాట రద్దయిపోయిందని కూడా నేను నమ్మను. రోమా పత్రిక 11వ అధ్యాయం చదివినవాళ్ళెవరూ అలా అనలేరు. నమ్ముతున్నాను కాబట్టే, ఆ ప్రవచనాల్ని ఇలా వాడుతుంటే కడుపు మండుతుంది.

ఆ చెల్లికి వంటింట్లోనే నిలబడి చెప్పింది హనన్యా సంగతి. యిర్మీయా 28వ అధ్యాయం. యూదుల తిరిగి రాకకి తొందరపడి తేదీ చెప్పిన మనిషి అతను. అప్పటికే క్రీస్తుపూర్వం 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునీ, పెద్దల్నీ, పనివాళ్ళనీ బబులోనుకి పట్టుకుపోయాడు. ఆలయం ఇంకా నిలిచే ఉంది. ఆ ఆలయంలో జనం ముందు హనన్యా నిలబడి, రెండేళ్ళలోపల అందరూ తిరిగొచ్చేస్తారు, ఆలయపు పాత్రలు కూడా వచ్చేస్తాయి, యెహోవా సెలవిచ్చాడు అన్నాడు. బబులోనుకి లోబడండి అనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి అందరూ చూస్తుండగా విరిచేశాడు. జనానికి ఎంత బాగుండి ఉంటుంది ఆ మాట! యిర్మీయా కూడా "ఆమేన్, అలాగే జరుగును గాక" అన్నాడు. అతనికీ తనవాళ్ళు రావాలనే ఉంది. కానీ దేవుడు అలా చెప్పలేదు. హనన్యా ఆ ఏడాదే చనిపోయాడు. రెండేళ్ళకి ఎవరూ రాలేదు.

ఆ వెంటనే 29వ అధ్యాయంలో బబులోనులో ఉన్నవాళ్ళకి యిర్మీయా రాసిన ఉత్తరం ఉంది. ఇళ్ళు కట్టుకోండి, కాపురముండండి. తోటలు నాటండి, వాటి ఫలాలు తినండి. కొడుకులకీ కూతుళ్ళకీ పెళ్ళిళ్ళు చేయండి. మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి, "దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును." డెబ్బై ఏళ్ళ తర్వాత తిరిగి రప్పిస్తానన్న వాగ్దానం కూడా ఈ ఉత్తరంలోనే ఉంది. తిరిగి రాక నిజం. ఈలోగా పెళ్ళిళ్ళూ, తోటలూ, ఇళ్ళూ కూడా నిజం. రెండూ ఒకే దేవుడు, ఒకే ఉత్తరంలో చెప్పాడు. నెల్లూరు నుంచీ, ఒంగోలు నుంచీ, గుంటూరు నుంచీ వచ్చి ఈ మద్రాసులో పిల్లల్ని పెంచుకుంటున్న మాకు ఇంతకన్నా సూటిగా చెప్పే అధ్యాయం ఇంకొకటి లేదనుకుంటాను.

అక్కడితో ఆగలేదు యిర్మీయా. 32వ అధ్యాయానికి వచ్చేసరికి బబులోను సైన్యం యెరూషలేముని ముట్టడించి ఉంది. యిర్మీయా చెరసాల ప్రాకారంలో బందీగా ఉన్నాడు. పట్టణం పడిపోతుందని చెప్పినవాడే అతను. అప్పుడు చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న పొలం కొనుక్కో, విడిపించుకునే హక్కు నీదే అన్నాడు. శత్రువుల చేతుల్లోకి పోతున్న ప్రాంతంలో పొలం. యిర్మీయా కొన్నాడు. పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాయించాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసింది ఒకటి, వేయనిది ఒకటి, రెండు ప్రతులు. తన లేఖకుడు బారూకుకి ఇచ్చి, చాలాకాలం పాడవకుండా మట్టి కుండలో పెట్టమన్నాడు. నేను కస్టమ్స్ ఏజెంటు ఆఫీసులో ఏళ్ళ తరబడి కాగితాలు చూస్తున్నదాన్ని. ఆ అధ్యాయంలో కాగితం పని ఎంత జాగ్రత్తగా జరిగిందో చూస్తే నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. ఈ దేశంలో ఇళ్ళూ పొలాలూ ద్రాక్షతోటలూ మళ్ళీ కొంటారు అని దేవుడన్న మాటకి అతను చేసిన సంతకం అది. అంతం వస్తోందని నమ్మిన ప్రవక్త ఉన్నది ఊడ్చి ఎవరి చేతుల్లోనూ పెట్టలేదు. రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు.

ఆ చెల్లి చీటీ పాడింది, ఫీజు కట్టింది. పిల్ల ఇప్పుడు కాలేజీ బస్సెక్కుతోంది.

లెక్కలు కట్టడం పాపమా అని మా స్టడీలో ఒకరు అడిగారు. దానియేలు కూడా లెక్క చూశాడు కదా అని. మంచి ప్రశ్నే. దానియేలు 9వ అధ్యాయంలో అతను యిర్మీయా గ్రంథం చదివి డెబ్బై ఏళ్ళ సంగతి గ్రహించాడు. గ్రహించి ఏం చేశాడు? ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకుని, బూడిద వేసుకుని "మేము పాపులము" అని ప్రార్థన మొదలుపెట్టాడు. "వాళ్ళు" అనలేదు, "మేము" అన్నాడు. లెక్క తెలిసిన మనిషి చేసిన పని అది. ఆ అధ్యాయం చివర వచ్చే డెబ్బై వారాల మీద ఫ్లెక్సీలు కడతారు గానీ, మొదట ఉన్న ఆ పొడుగాటి ప్రార్థన మీద మూడు రాత్రుల కూడిక పెట్టినవాళ్ళని నేను చూడలేదు.

ఫ్లెక్సీ మీది ఈ పటం మనదాకా ఎలా వచ్చిందో తెలుసుకోవడం కూడా మంచిది. సంఘం రహస్యంగా ఎత్తబడటం, తర్వాత ఏడేండ్ల శ్రమలు, యూదులకొక ప్రణాళిక, సంఘానికొక ప్రణాళిక అని యుగాలుగా విడదీసి చెప్పే పద్ధతిని 1830ల ప్రాంతంలో జాన్ నెల్సన్ డార్బీ వ్యాప్తిలోకి తెచ్చాడు. ఐర్లండులో పనిచేసిన పాదిరి, తర్వాత బ్రదరెన్ సహవాసాల్లో పెద్ద బోధకుడయ్యాడు. 1909లో స్కోఫీల్డ్ అనే అమెరికా బోధకుడి వ్యాఖ్యానాలతో అచ్చయిన బైబిలు దాన్ని అమెరికా అంతా పరిచింది. పేజీ పైన వాక్యం, పేజీ కింద ఆయన నోట్సు. చదివేవాళ్ళకి రెండూ కలిసిపోయాయి. అక్కడి నుంచి మన కన్వెన్షన్లకి.

బ్రదరెన్‌వాళ్ళకి మన తెలుగునేలతో పాత బంధమే ఉంది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అని ఇంగ్లండులో పళ్ళ డాక్టరు. ఆస్తి వదిలేసి సువార్త కోసం బాగ్దాదు వెళ్ళాడు. అంటే పాత బబులోను దేశమే. 1831లో అక్కడ ప్లేగు వచ్చి భార్యా, పసిబిడ్డా పోయారు. ఆ తర్వాత ఇండియా వచ్చాడు. 1836లో ఆయన వెంట మద్రాసు వచ్చినవాళ్ళలో బౌడెన్, బీర్ అనే ఇద్దరు తమ భార్యలతో మచిలీపట్నం మీదుగా నరసాపురం వైపు వెళ్ళారు. గోదావరి డెల్టా మిషను అలా మొదలైంది. మా అత్తగారి పుట్టింటివాళ్ళు ఆ సంఘాల నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళ ప్రార్థనా జీవితం మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను. ఆ 1836లోనే గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. మనం క్రీస్తులో ఉన్న జీవాన్ని బట్టి ఒకటయ్యాం, ఇప్పుడు అభిప్రాయాలు కలిసినవాళ్ళనే దగ్గరికి తీసే దారిలో పడుతున్నాం అని అందులో ఆయన బాధ. పటాన్ని ఒప్పుకోనివాళ్ళకి రక్షణ లేదన్నట్టు మాట్లాడే బోధకులు ఆ ఉత్తరం ఒకసారి చదవాలి. లూథరన్, సీఎస్ఐ సంఘాల్లో వెయ్యేండ్లని ఎక్కువమంది అక్షరార్థంగా తీసుకోరు. ప్రాచీన సంఘపు పండితుడు అగస్టీను కాలం నుంచీ ఆ వరస ఉంది. వాళ్ళు కూడా అదే ప్రభువు కోసం ఎదురుచూస్తున్నారు.

ఇక అంజూరపు చెట్టు. మత్తయి 24:32లో కొమ్మ లేతదై చిగిరించినప్పుడు వసంతకాలం దగ్గరపడిందని తెలుసుకుంటారు అన్నాడు ప్రభువు. ఇవన్నీ జరిగేదాకా ఈ తరం గతించదు అని కూడా అన్నాడు. అంజూరం అంటే ఇశ్రాయేలు, చిగిరించడం అంటే 1948 మే 14, తరం అంటే నలభై ఏళ్ళు. కలిపితే 1988. ఆ ఏడాది సెప్టెంబరులో సంఘం ఎత్తబడుతుందని అమెరికాలో ఒక మాజీ నాసా ఇంజనీరు పుస్తకం వేస్తే లక్షల ప్రతులు పోయాయి. సెప్టెంబరు వచ్చింది, పోయింది. అప్పుడు లెక్క 1967 నుంచి అన్నారు, యెరూషలేము పాతపట్టణం చేతికొచ్చిన ఏడాది. నలభై కలిపితే 2007. అదీ పోయింది. అప్పుడు తరం నలభై కాదు, కీర్తన 90:10 ప్రకారం డెబ్బై అన్నారు. 2018. అదీ అయిపోయింది. అదే వచనంలో "అధికబలమున్న యెడల ఎనుబది" అని ఉంది కాబట్టి ఇప్పుడు 2028 అంటున్నారు. మా ఫ్లెక్సీ బోధకుడూ ఆ అంకె నోటితో చెప్పలేదు గానీ, జనం చేత చెప్పించాడు. 1844 అక్టోబరు 22 అని అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు చెబితే పంటలు కోయకుండా వదిలేసినవాళ్ళున్నారు. 2011 మే 21 అని హెరాల్డ్ క్యాంపింగ్ రేడియోలో చెబితే దాచుకున్నదంతా ప్రచారానికి ఖర్చుపెట్టినవాళ్ళున్నారు. చివరికి నమ్మినవాళ్ళ సంసారాలు చితికిపోయాయి. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చివర దేవుడే ఒక పరీక్ష పెట్టాడు: ప్రవక్త యెహోవా పేరట చెప్పిన మాట జరక్కపోతే అది యెహోవా చెప్పిన మాట కాదు, అతనికి భయపడొద్దు.

అంజూరాన్ని ఇశ్రాయేలుతో పోల్చడం బొత్తిగా ఆధారం లేనిదని అనను. యిర్మీయా 24లో రెండు గంపల అంజూరపు పండ్లు ఉన్నాయి, హోషేయ 9:10లో కూడా ఉంది. కానీ ఇదే ఉపమానాన్ని లూకా 21:29లో చూడండి. "అంజూరపు వృక్షమును సమస్త వృక్షములను చూడుడి" అని ఉంది. అంజూరం ఒక దేశమైతే మిగతా చెట్లన్నీ ఏ దేశాలు? ప్రభువు చెట్లు చిగిరించడం గురించి, పల్లెటూరివాళ్ళకి తెలిసిన సంగతి చెప్పాడు. పైగా మత్తయిలో నాలుగు వచనాల తర్వాత ఆ దినాన్ని గూర్చీ ఆ గడియని గూర్చీ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదన్నాడు. అది కుమారుడికీ తెలియదన్నప్పుడు, స్టేజీ మీదున్న మనకి తెలుస్తుందని ఎలా అంటాం?

యెషయా 11:11 కూడా ఇలాగే. యెహోవా "రెండవమారు" చెయ్యి చాచి తన ప్రజల్ని అష్షూరు, ఐగుప్తు, ఏలాము, షీనారు, సముద్రద్వీపాల నుంచి రప్పిస్తాడని ఉంది. మొదటిసారి బబులోను నుంచి వచ్చారు, కాబట్టి రెండవమారు అంటే 1948 అని చెబుతారు. వినగానే సరిగ్గా సరిపోయినట్టే ఉంటుంది. అదే అధ్యాయం చివరి వచనం దాకా చదివితే, ఐగుప్తు నుంచి వచ్చిన రోజున దారి కలిగినట్టే ఇప్పుడూ దారి కలుగుతుంది అని యెషయాయే చెప్పాడు. అంటే అతని లెక్కలో మొదటిసారి ఐగుప్తు. రెండోది పారసీక రాజు కోరెషు ఆజ్ఞతో క్రీస్తుపూర్వం 538లో మొదలైన రాక కావచ్చు. అంతకన్నా పెద్దది, ఇంకా జరగాల్సింది కూడా ఉండొచ్చు. ఐదు వచనాల కింద ఉన్నదాన్ని చదవకుండా 1948 అని ముద్ర కొట్టేయడం మాత్రం వాక్యాన్ని గౌరవించడం కాదు.

యెహెజ్కేలు 37, ఎండిన ఎముకల లోయ. దీని దగ్గర నేను కాసేపు ఆగుతాను. యెహెజ్కేలు తానే చెరలో ఉన్న మనిషి, బబులోనులో కెబారు కాలువ పక్కన. దర్శనం చూపించాక దేవుడే అర్థం చెప్పాడు: ఈ ఎముకలు ఇశ్రాయేలీయులందరూ, మా ఎముకలు ఎండిపోయాయి, మా ఆశ పోయింది, మేము నాశనమయ్యాం అనుకుంటున్నారు. ఇది భవిష్యత్తు చూడాలనే కుతూహలంతో ఉన్నవాళ్ళకి ఇచ్చిన దర్శనం కాదు. ఆశ పోయినవాళ్ళకి ఇచ్చింది. దీన్ని ఎవరు ఎలా చదివారో చూడండి. క్రీస్తుశకం 70లో రోమా సైన్యం యెరూషలేముని కాల్చేశాక, తప్పించుకున్న కొందరు మసాదా కొండకోట మీద చివరిదాకా నిలబడ్డారు. 1960ల్లో అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు వాళ్ళ ప్రార్థనామందిరం నేల కింద పాతిపెట్టిన తోలుచుట్టల ముక్కలు దొరికాయి. వాటిలో ఒకటి యెహెజ్కేలు 37. యెరూషలేములో యాద్ వషెమ్ అని, హిట్లర్ కాలంలో చంపబడిన అరవై లక్షల మంది యూదుల జ్ఞాపకార్థం కట్టిన చోటు ఉంది. దాని ముఖద్వారం మీద చెక్కిన మాట కూడా ఈ అధ్యాయంలోదే, పద్నాలుగో వచనం: నా ఆత్మను మీలో ఉంచుతాను, మీరు బ్రతుకుతారు, మీ దేశంలో మిమ్మల్ని నివసింపజేస్తాను. ఆ అధ్యాయాన్ని అలా గుండెకి హత్తుకున్న మనుషులున్నప్పుడు, అదే అధ్యాయం చూపించి మన బోధకులు మహాశ్రమల్లో యూదుల్లో మూడింట రెండు వంతులు చస్తారని, జెకర్యా 13:8 చదివి, గొంతు పెంచి చెప్పడం, జనం హల్లెలూయా అనడం నేను విన్నాను. అది విన్న రాత్రి నిద్ర పట్టలేదు.

మన వాళ్ళకి యూదులంటే పటం మీద బాణం గుర్తులే. మనుషులుగా కనపడరు. మా ఆఫీసు బీచ్ స్టేషను దగ్గర. నడిచే దూరంలో జార్జ్‌టౌనులో కోరల్ మర్చంట్ స్ట్రీట్ ఉంది, పవళక్కార వీధి. పదిహేడో శతాబ్దంలో మధ్యధరా సముద్రపు పగడాలు తెచ్చి, గోల్కొండ వజ్రాలు కొనుక్కుపోయిన యూదు వర్తకుల వల్ల వచ్చిన పేరది. ఆ వజ్రాలు మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో తవ్వినవి. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు ఆల్డర్‌మెన్లలో యూదులూ ఉన్నారు. వాళ్ళ సమాధిరాళ్ళు పెద్దనాయకన్‌పేట నుంచి కదిపి, చివరికి లాయిడ్స్ రోడ్డుకి చేర్చారు. హీబ్రూ అక్షరాలతో కొద్ది రాళ్ళు. బతికి ఉండగా దేశం లేక తిరిగారు, పోయాక రాళ్ళకీ అదే గతి. ఆ దారిన బస్సులో వెళ్ళేటప్పుడు ద్వితీయోపదేశకాండం 28లో జనాల మధ్య చెదరగొట్టే మాట చదివినట్టే ఉంటుంది నాకు.

మా ఊరు తెనాలి దగ్గర. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయీము అని ఒక చిన్న సమాజం ఉంది. మనలాంటి తెలుగువాళ్ళే, తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము గోత్రంవాళ్ళమని చెబుతారు. సమాజమందిరం కట్టుకుని సబ్బాతు పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. మణిపూర్, మిజోరంలో ఇలాగే చెప్పుకునే బ్నే మెనాషేవాళ్ళని 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ఒకరు గుర్తించారు, వేలమంది వెళ్ళిపోయారు. కొత్తరెడ్డిపాలెంవాళ్ళకి ఆ గుర్తింపు రాలేదు. వాళ్ళ వాదన చరిత్రకి నిలుస్తుందా లేదా అనేది నా పని కాదు. వెట్టిచాకిరీ చేసిన కులంలో పుట్టిన మనుషులు "చెల్లాచెదురైన మిమ్మల్ని నేను మరిచిపోలేదు" అన్న మాటని తమ మాటగా విన్నారు. ప్రవచనం పలికేది అలాంటి చెవులకే.

జూన్‌లో ఆ ఫార్వర్డులు వస్తున్న వారంలోనే మా పిన్ని కోడలి గొంతు కూడా నా ఫోనులో ఉంది. ఆమె హైఫాలో ఒక ముసలావిడని చూసుకునే పనిలో ఉంది. ఆవిడ రుమేనియాలో పుట్టిందట. సైరన్ మోగినప్పుడల్లా చక్రాల కుర్చీ తోసుకుంటూ ఇంట్లోనే ఉండే కాంక్రీటు గదిలోకి పోవాలి, మమాద్ అంటారు. వాయిస్ మెసేజిలో వెనక సైరన్ వినపడుతోంది. "వదినా, ఈవిడ టీ అడుగుతోంది, ఇప్పుడు బయటికి పోకూడదు, నా చెయ్యి పట్టుకుని వదలట్లేదు. ప్రార్థన చేయండి." దాని కిందే గ్రూపులో "ప్రవచనాలు నెరవేరుచున్నవి, స్తోత్రం!" అని చప్పట్ల బొమ్మలు. ఆ రెండూ పక్కపక్కన చూశాక నాకు ఏడుపొచ్చింది. గ్రూపులో ఆ మెసేజి పెట్టి, "ఈవిడ కోసం ప్రార్థన చేద్దాం" అని మాత్రం రాశాను. చాలామంది చేశారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళకి చూపించింది బాణం గుర్తులే.

ఇంకో పక్క కూడా చెప్పాలి. 2023 అక్టోబరు 7న హమాస్ సుమారు 1200 మందిని చంపి, 250 మందిని ఎత్తుకుపోయింది. అదే నెల 19న గాజాలో సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణలో తలదాచుకున్న క్రైస్తవులు వైమానిక దాడిలో చనిపోయారు. మన విశ్వాసులు వాళ్ళు. మొదటి దానికి మా సంఘంలో ఉపవాస ప్రార్థన పెట్టాం. రెండోదాని మాట ఎవరూ ఎత్తలేదు, ఎందుకంటే పటంలో వాళ్ళకి చోటు లేదు.

మా స్టడీకి ఆడవాళ్ళే వస్తారు గానీ, ఆఖర్న ప్రశ్నలప్పుడు మా వీధి తాతగారు ఒకరు వచ్చి కూర్చుంటారు. రైల్వేలో రిటైరయ్యారు. బఖ్త్ సింగ్ గారు 1941లో మద్రాసులో మొదలుపెట్టిన యెహోవా షమ్మా సహవాసంలో పెరిగిన మనిషి. ఆ పేరు యెహెజ్కేలు గ్రంథంలో ఆఖరి మాట. ఆయన బైబిలు అంచులన్నీ పెన్సిలు రాతలే. ఈ సంగతులన్నీ చెప్పుకున్న రోజు ఆయన ఓపిగ్గా విని, "సరే తల్లీ, తేదీలొద్దు, నేనూ ఒప్పుకుంటా. మరి 1948ని ఏం చేస్తావు? ఊరికే జరిగిందా అది?" అన్నారు. యెహెజ్కేలు 36 తీసి చూపించారు. ముందు 24వ వచనంలో సొంతదేశానికి తెస్తాను, ఆ తర్వాత 26లో కొత్త హృదయం ఇస్తాను అని ఉంది. అవిశ్వాసంలోనే వస్తారు, తర్వాత మారతారు, కళ్ళ ముందు జరుగుతోంది అదే కదా అన్నారు.

ఇది గట్టి వాదన. ఊరికే జరిగిందని నేను అనలేనన్నాను. అరవై లక్షల మందిని పోగొట్టుకున్న జాతి, యుద్ధం ముగిసిన మూడేళ్ళకే లేచి నిలబడటంలో దేవుని చెయ్యి లేదనడానికి నాకు నోరు రాదు. కానీ అదే 36లో 22వ వచనం, మీ నిమిత్తం కాదు, నా పరిశుద్ధ నామం నిమిత్తం అంటుంది. తిరిగి తెచ్చింది దేవుడే అయితే, ఆ దేశంలో జరిగేదానికి లెక్క అడిగేదీ ఆయనే. యెషయా 45:1లో కోరెషుని తన అభిషిక్తుడన్నాడు, అంతమాత్రాన పారసీక సామ్రాజ్యం చేసిందంతా పరిశుద్ధమైపోలేదు. ఆ నేల మీదే, రాజు లాక్కున్న నాబోతు ద్రాక్షతోట కోసం ఏలీయా రాజుని నిలదీశాడు. 1948లో ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్ళు వదిలి పోయారు, వాళ్ళలో తరతరాల క్రైస్తవులూ ఉన్నారు. ఆ ఇళ్ళ సంగతి అడగని ప్రవచన బోధ ప్రవక్తల వరసలోది కాదు.

తాతగారు తల పంకించి, "అంతా బాగుపడేది రాబోయే రాజ్యంలో" అన్నారు. అప్పుడు యెహెజ్కేలు 47 తీశాం. దేశం పంచుకునేటప్పుడు మీ మధ్య నివసించే పరదేశులకీ, వాళ్ళ పిల్లలకీ మీతో సమానంగా స్వాస్థ్యం ఇవ్వాలి, దేశంలో పుట్టినవాళ్ళలా చూడాలి అని 22, 23 వచనాలు. ఎముకల లోయ తర్వాత పది అధ్యాయాలకే ఉంది ఇది, అదే ప్రవక్త నోటి నుంచి. ఫ్లెక్సీలో లేదు. "ఇది వెయ్యేండ్ల పాలనలో సంగతమ్మా" అన్నారాయన. "కావచ్చు తాతగారూ. ఆ పాలనలో అలా ఉండాలని రాజు ముందే చెప్పినప్పుడు, దానికి విరుద్ధంగా జరిగేదాన్ని చూసి ఆయన పిల్లలం ఇప్పుడు చప్పట్లు ఎలా కొడతాం?" అన్నాను.

ఆయన ఆ రెండు వచనాల పక్కన పెన్సిలుతో ఏదో రాసుకున్నారు. వచ్చే బుధవారం జెకర్యా 12, 14 తెస్తానన్నారు, ఒలీవల కొండ సంగతి తేల్చుకుందామని. రమ్మన్నాను. ఈసారి మొదటి నుంచీ కూర్చోమన్నాను. జెకర్యా కూడా 1వ అధ్యాయం నుంచే చదవబోతున్నాం.